మంచు పలక

ఓడ దిగే ప్రతి మనిషీ తన బిళ్ళ తనే తిప్పుకోవాలి. తిరిగి ఎక్కగానే మళ్ళీ తనే తిప్పుకోవాలి. మొదటిరోజు ఈ నియమం చెబుతుంటే మిగతా ప్రయాణికులు తలలూపి కాఫీకి వెళ్ళిపోయారు. దమయంతి టీచర్ మాత్రం ఆ బోర్డు ముందే నిలబడిపోయింది.

పడవల్లోకి దిగే తలుపు పక్కన గోడకు బిగించిన చెక్కబోర్డు అది. దాని నిండా కొక్కేలు, కొక్కేనికొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద అంకె. బిళ్ళకు ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు తెలుపు. ఎరుపు కనిపిస్తే ఆ మనిషి ఒడ్డున ఉన్నట్టు, తెలుపు కనిపిస్తే ఓడలో ఉన్నట్టు. బోర్డంతా తెల్లబడ్డాకే లంగరు ఎత్తుతారు. దమయంతి అంకె నలభై నాలుగు. ముప్ఫై ఒకటో కొక్కేనికి బిళ్ళ లేదు.

కిందటి సెప్టెంబరులో ఆ బిళ్ళ ఆమె తమ్ముడు మురహరిది.

డెబ్బై మంది పట్టే చిన్న ఓడ అది. వేసవిలో స్వాల్‌బార్డ్ దీవుల తీరం వెంబడి పది రోజులు తిరుగుతుంది. యాత్రికులతో పాటు ఇద్దరు ముగ్గురు శాస్త్రజ్ఞులకు కూడా చోటిస్తారు. మురహరి అలా మూడు వేసవులు వెళ్ళాడు. మూడో వేసవి చివర అతన్ని ఒక అఖాతం ఒడ్డున వదిలేసి ఓడ కదిలిపోయింది. తిరిగొచ్చేసరికి పదకొండు గంటలు పట్టింది. అప్పటికి అతను లేడు.

కంపెనీ పంపిన నివేదికలో రెండు పేజీలున్నాయి. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఒడ్డుకు బయలుదేరేటప్పుడు ఆయన తన బిళ్ళ తిప్పడం మరిచి ఉంటారని భావించడమైనది." ఆ వాక్యం కింద దమయంతి ఎర్రపెన్నుతో గీత గీసింది. బొబ్బిలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఫిజికల్ సైన్స్ చెబుతోంది. తప్పు సమాధానం కింద గీత గీయడం ఆమెకు అలవాటు. మురహరి మరిచిపోయే మనిషి కాదు. కిరోసిన్ దీపం ఆర్పి, ఆరిందో లేదోనని మళ్ళీ లేచి చూసుకునేవాడు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, ఆమెకు పదిహేను. వాడికి ఏ అలవాటు నేర్పినా ఆమే నేర్పింది.

ఆ వాక్యం కొట్టేయించాలి. అందుకే ఆమె వచ్చింది. దానికి కావలసిన రుజువు ఆ అఖాతం ఒడ్డున, గుడిసెలో, నేలలోపల గుంతలో ఉంది.

*

"ఈరోజు అవ్వదండి టీచర్‌గారూ," అన్నాడు తవిటినాయుడు, మూడోరోజు పొద్దున్న.

నాయుడిది పార్వతీపురం. మురహరి దగ్గర పన్నెండేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాడు. నలభై దాటిన మనిషి, ఎదటివాళ్ళ ముఖం చూసి మాట్లాడడం తక్కువ. మురహరి చేసిన మంచు పలకను వినిపించే యంత్రం నడపడం వచ్చినవాడు ఇప్పుడు అతనొక్కడే కాబట్టి మురహరి పనిచేసిన సంస్థ అతన్ని ఆమెకు తోడిచ్చి పంపింది.

"ఎందుకవదు?"

"పొగమంచండి. ఒడ్డు కనబడ్డం లేదు. పడవలు దింపరు."

"మధ్యాహ్నానికి తేలిపోతే?"

"మధ్యాహ్నం పక్షుల కొండకి ప్రోగ్రామండి. సోల్వైని అడిగేను. ఒప్పుకోలేదు."

సోల్వై యాత్ర నాయకురాలు. ఒడ్డున ఎవరు దిగాలో, ఎంతసేపు ఉండాలో ఆమె చెప్పినట్టే జరుగుతుంది. దమయంతి తనే వెళ్ళి అడిగింది. సోల్వై మర్యాదగా విని, అఖాతంలో ఓడ ఇంకా మూడు రోజులు ఉంటుందనీ, తొందర వద్దనీ చెప్పింది. కిందటేడు కూడా వీళ్ళకు కాస్త ఈ నిదానం ఉండివుంటే బాగుండేదని దమయంతి అనుకుంది గాని పైకి అనలేదు.

నాలుగోరోజు ఎండ కాసింది. ఆమె ఆరింటికే రబ్బరు బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. ఎనిమిదింటికి డెక్ మీద కేకలు వినిపించాయి. గుడిసె గోడకు ఆనుకుని ఒక తెల్ల ఎలుగుబంటి పడుకుని ఉంది.

"చూశారా టీచరమ్మా," అంటూ బైనాక్యులర్స్ చేతికిచ్చారు రంగనాయకులు గారు. విజయవాడలో బట్టలకొట్టు కొడుకుల కప్పగించి, దేశాలు చూడ్డానికి బయలుదేరిన మనిషి. ఓడలో తెలుగువాళ్ళు ఇంకెవరూ లేకపోవడంతో ఈమెను వదిలిపెట్టేవారు కాదు. "ఎంత హాయిగా పడుకుందో. మా అల్లుడు కూడా అచ్చం ఇలాగే."

"ఎప్పుడు లేస్తుందండి?"

"దాన్నెవరు లేపుతారు? దాని ఇల్లు, దాని ఇష్టం."

ఎలుగుబంటి సాయంత్రం దాకా లేవలేదు. అది కంటబడితే ఒడ్డు మీద ఎవరూ దిగకూడదని రూలు. ప్రయాణికులంతా ఫోటోలు తీసుకున్నారు. వాటి దుంపతెగ, కెమెరాలన్నీ గుడిసెవైపే తిరిగి ఉన్నాయి, గుడిసె మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఐదోరోజు గాలి. పడవలు ఓడ పక్కన కూడా నిలవలేదు. దమయంతి తన గదిలో కూర్చుని పదోతరగతి ప్రశ్నపత్రం ఒకటి తయారు చేయడానికి ప్రయత్నించింది. మూడు ప్రశ్నలు రాసి ఆపేసింది.

ప్రతిసారీ "అవ్వదండి" అన్న మాట నాయుడే మోసుకొచ్చేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో ఏదో తేలికదనం ఉన్నట్టు ఐదోరోజు ఆమెకు తోచింది. అలసటవల్ల అలా అనిపిస్తోందని సర్దుకుంది.

*

బొబ్బిలిలో వాళ్ళ ఇంటి వెనక ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. చేపల బుట్టల్లోకి వెళ్ళే మంచుదిమ్మల మీద రంపపుపొట్టు చల్లి లారీల్లోకి తోసేవాళ్ళు. ఎనిమిదేళ్ళ మురహరి ఒకరోజు ఒక దిమ్మ ముందు కూర్చుని కదల్లేదు. దిమ్మలోపల అడ్డంగా సన్నటి తెల్లగీతలున్నాయి.

"అక్కా, ఇవెవరు గీశారు?"

ఆమెకూ తెలియదు. దిమ్మలు లాగే మనిషి నవ్వి, "కరెంటు పోయినప్పుడల్లా ఒక గీత పడుద్ది బాబూ, నిన్న నాలుగుసార్లు పోయింది, లెక్కెట్టుకో," అన్నాడు. మురహరి లెక్కపెట్టాడు. నాలుగే.

కరెంటు పోయిన సంగతి మంచు గుర్తుపెట్టుకుంటే, మాట ఎందుకు గుర్తుపెట్టుకోదు? ఆ ప్రశ్నను వాడు ముప్ఫై ఏళ్ళు వదల్లేదు. చివరికి ఒక లవణం తయారుచేశాడు. దాన్ని చిటికెడు నీళ్ళలో కలిపి ఇనప తట్టలో పోసి చలిలో పెడితే, నీళ్ళు పైనుంచి కిందికి పొరలు పొరలుగా గడ్డకడతాయి. వెంట్రుకకన్నా పల్చటి పొరలు. ఒక్కో పొర గడ్డకట్టే క్షణంలో పక్కన ఏ చప్పుడు వినబడితే ఆ చప్పుడు తాలూకు అల ఆ పొరలో నిలిచిపోతుంది. గంటకు ఒక అంగుళం. తట్ట లోతు నాలుగంగుళాలు. అంటే నాలుగు గంటలు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. మనుషులుండలేని చోట హిమానది విరిగే చప్పుడు వినడానికి ఇంతకన్నా ఏం కావాలి?

దానికి మురహరి 'పలక' అని పేరు పెట్టాడు. వినే యంత్రం పేరు 'చదువరి'. వేడెక్కిన సన్నటి తీగ ఒకటి పలక మీద అటూ ఇటూ తిరుగుతూ ఒక్కో పొరనూ కరిగిస్తుంది. కరిగేటప్పుడు ఆ పొరలోని అలను చదివి చెవిలోకి పంపుతుంది, టేపులోకి ఎక్కిస్తుంది. విన్న పొర నీళ్ళయిపోతుంది. రెండోసారి లేదు.

"అందుకే పలకన్నాను," అన్నాడు కిందటి వేసవి ఇంటికొచ్చినప్పుడు, వంటింటి గుమ్మంలో కూర్చుని. "నువ్వు నాకు పలక మీద ఎక్కాలు రాయించి, చూసి, తుడిచేసేదానివి. అలాగే."

"తుడిచాక కూడా నీకు పదమూడో ఎక్కం రాలేదు."

"ఇప్పుడు వచ్చు."

"అయితే చెప్పు."

చెప్పాడు. పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది దాకా గడగడా వచ్చి, ఏడు దగ్గర ఆగిపోయాడు. నలభై నాలుగేళ్ళ శాస్త్రజ్ఞుడు. బియ్యం కడుగుతూ ఆమె చెప్పలేదు, వాడే చెప్పాలని ఆగింది. ఈలోగా వాడికి ఫోనొచ్చింది.

*

ఆరోరోజు పడవలు దింపారు. అఖాతంలో అదే ఆఖరిరోజు. ఉత్తరం నుంచి మంచుగడ్డలు దిగుతున్నాయనీ, మధ్యాహ్నం రెండింటికల్లా ఓడ బయటపడాలనీ సోల్వై చెప్పింది. గుడిసె దగ్గర పది నుంచి పన్నెండుంబావు దాకా ఉండవచ్చు. నిమిషం కూడా దాటకూడదు.

రెండుంబావు గంటలు. పలకలో సగానికి పైగా వినవచ్చు. ఓడ కదిలేముందు వాడు వాకీటాకీలో ఏమన్నాడో ఆ రుజువు మొదటి అరగంటలోనే ఉంటుంది, ఆ తరవాత ఎంత వస్తే అంత. దమయంతి అలా లెక్క వేసుకుంది. పలకను ఓడలోకి తెచ్చి తీరిగ్గా వినడానికి లేదు. మురహరి బతికున్నప్పుడే మూడు పలకలు ఎక్కించి చూశాడు. ఇంజను అదురుకు పొరలు చెదిరిపోయి మోత తప్ప ఏమీ మిగల్లేదు. ఏడాది పొడుగునా గడ్డకట్టుకునే ఉండే ఆ నేలలో గుంత తవ్వి, మూతపెట్టి దాస్తేనే పలక నిలుస్తుంది. ఒకసారి పైకి తీశాక వేసవి గాలికి రెండు మూడు గంటల్లో బీటలిస్తుంది.

తలుపు దగ్గర బిళ్ళ తిప్పుకుని పడవెక్కింది. ఒడ్డు మీద అడుగుపెట్టే ముందు, బూట్లకు అంటిన బయటి విత్తనాలు ఆ నేల మీద పడకూడదని పడవలోనే బ్రష్షుతో కడిగించారు. అది పది నిమిషాలు. గుడిసెదాకా తుపాకీ పట్టుకున్న గైడు తోడు లేనిదే నడవకూడదు. గైడు కదలబోతుండగా కింద రంగనాయకులు గారు బురదలో దిగబడ్డారు.

ఎడమకాలు మోకాలిదాకా పోయింది. ముగ్గురు పట్టి లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. బూటు కోసం గైడు మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వాడు.

"బూటు వదిలేయండి," అంది దమయంతి.

"వదిలేస్తే ఎట్లా టీచరమ్మా, ఒంటికాలితో ఓడెక్కనా?" అన్నారాయన, బురద మీద కూర్చుని. "నా మాట వినండి, ఆ పువ్వు ఫోటో కోసం వచ్చాను గాని లేకపోతే నేనంత తొందరపడే మనిషిని కాను."

"ఇక్కడ ఏదీ వదలకూడదు, చెత్తయినా సరే," అన్నాడు గైడు ఇంగ్లీషులో.

మనిషిని వదలొచ్చు గాని బూటును వదలకూడదు. ఆ మాట నాలుకదాకా వచ్చింది. మింగేసి వాచీ చూసుకుంది.

గుడిసె చేరేసరికి పదిన్నర దాటింది. నాయుడు చదువరి పెట్టె తెరిచి, లోపలికి చూసి, మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచాడు.

"బ్యాటరీ తేలేదండి," అన్నాడు.

 గైడు వాకీటాకీలో మాట్లాడాడు. పడవ ఓడకు వెళ్ళింది. పడవ ఓడ చేరడం, బ్యాటరీ వెతకడం, మళ్ళీ పడవ రావడం గుమ్మంలో నిలబడి ఆమె చూస్తూనే ఉంది. తరగతిలో ఎంత అల్లరి జరిగినా ఆమె గొంతెత్తేది కాదు. చేతిలో సుద్దముక్క మాత్రం విరిగేది. ఇప్పుడు చేతిలో సుద్దముక్క లేదు.

బ్యాటరీ వచ్చేసరికి పదకొండున్నర. మిగిలింది ముప్పావుగంట.

*

గైడు బయట కాపలా నిలబడ్డాడు. లోపల వాళ్ళిద్దరే. గుడిసెలో ఒక చెక్కబల్ల, ఒక పెట్టె, నేలలో గుంత మీద మూత. నాయుడు మూత లాగి పలకను ఎత్తి బల్ల మీద పెట్టాడు. పాలరంగు మంచు. తట్ట అంచు మీద మురహరి అక్షరాలు. తేదీ. దాని కింద 'మధ్యాహ్నం 2-10'. రెండు అంకె తోక కాస్త పైకి లేపి రాస్తాడు, అక్కలాగే.

"పైనుంచి పెట్టు," అంది దమయంతి. "మొదటి ముప్పావుగంట చాలు."

నాయుడు తీగ బిగించలేదు. చేతులు బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"బ్యాటరీ నేను మరిచిపోలేదండి."

ఆమె అతనివైపు చూసింది.

"మంచం మీద పెట్టి వచ్చేను. ఇది ఇనడానికి టైము లేకుండా అయిపోతే బాగుణ్ణనుకున్నాను. పొగమంచు రోజు కూడా సోల్వైని నేనడగలేదు. ఒప్పుకోలేదని మీకు అబద్ధం చెప్పేను."

"ఎందుకు?"

"ఇందులో నా గొంతుంటాదండి."

బయట గైడు దగ్గాడు. నాయుడు పలకవైపే చూస్తూ మాట్లాడాడు.

"సార్ బ్యాగు నేనే మోసీవోడినండి. బూట్లు నేనే కడిగీవోడిని. బిళ్ళొకటీ ఎందుకు ఒగ్గీడం అని అదీ నేనే తిప్పీవోడిని. ఎల్లినప్పుడు ఎరుపు, వచ్చినప్పుడు తెలుపు. మొదటేడు తిట్టేరు. 'ఎవడి బిళ్ళ వాడు తిప్పుకోవాలి నాయుడూ' అని. రెండో ఏడు నవ్వీవోరు. మూడో ఏటికి అలవాటైపోనాది ఇద్దరికీ. ఆ రోజు నేను ముందు పడవలో వచ్చీసేను. సార్ వాకీటాకీలో, 'పలక పోశాను, సర్దుకుని ఆఖరి పడవలో వస్తాను' అన్నారు. మీ బిళ్ళ నేను చూసుకుంటానండి అన్నాను."

"వాడేమన్నాడు?"

"'సరే' అన్నారండి."

దమయంతి పెట్టె మీద కూర్చుంది.

"ఓడెక్కగానే నాదీ సార్‌దీ రెండూ తెలుపు తిప్పీసేను. ఆఖరి పడవలో వస్తున్నారు కదా అని. ఆ పడవోడు ఇంకా ఎవరన్నా ఉన్నారా అని ఓడనడిగేడంట. బోర్డు చూసి ఎవరూ లేరన్నారు. గడ్డలు కమ్ముకొస్తన్నాయని ఓడ తీసీసేరు. నేను కింద ల్యాబులో సామాన్లు కడుగుతున్నాను. రాత్రి భోజనాల దగ్గర సార్ కుర్చీ చూసేనండి. అప్పుడు చూసేను."

"విచారణలో అడగలేదా నిన్ను?"

"అడిగేరు. బిళ్ళ సంగతి తెలీదన్నాను. ఒకపాలి తెలీదన్నాక మరి నోరు రాలేదు. వాళ్ళు మరిచిపోయుంటారని రాసుకున్నారు. ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టేను." చేత్తో గుంతవైపు చూపించాడు. "ఓడ తిరిగొచ్చాక ఈ గుంత మూత నేనే ఏసేనండి. పలక నేల కేసి కొట్టీడానికి నిమిషం పట్టదు. కొట్టలేకపోయేను."

ఏడాదిగా ఆమె ఎర్రగీత గీసుకుని కూర్చున్న వాక్యం తప్పే. కాని దాని స్థానంలో తను రాయాలనుకున్న సమాధానమూ సరైనది కాదు. వాడు మరిచిపోలేదు. 'సరే' అన్నాడు. తన పని ఇంకొకరి చేతికి వదిలేశాడు. అలా వదలకూడదని నేర్పింది ఆమే. ఆ 'సరే' ఈ పలకలో పైనుంచి అర అంగుళం లోతులో ఉంది.

"ఇది నాలుగు గంటల పలక," అంది. "ఆరూ పది దాకా. అప్పటికి వాడు..."

"బతికే ఉన్నారండి. డాక్టరు తొమ్మిది తరవాతన్నాడు. ఓడ కదలడం చూసి నీళ్ళలోకి పరిగెత్తినట్టున్నారు, నడుం దాకా తడిసిపోయి ఇక్కడికి తిరిగొచ్చేరు. పొయ్యి లేదు కదండి. వాకీటాకీ చలికి చచ్చిపోనాది."

మొదలు వినాలంటే పైనుంచి కరిగించాలి. చివర వినాలంటే పైన మూడంగుళాలు తీసి పారేయాలి. మొదలు వింటే ఆ వాక్యానికి రుజువు దొరుకుతుంది. చివర వింటే వాడు దొరుకుతాడు. రెండుంబావు గంటలూ చేతిలో ఉండివుంటే మధ్యది చెక్కేసి రెండూ వినగలిగేది. ఇప్పుడు ఒకటే ఎంచుకోవాలి. వాచీలో పదకొండూ నలభై.

"కెప్టెన్‌కి చెప్తావా?"

"చెప్తానండి."

"రాసి సంతకం పెడతావా?"

"పెడతానండి."

"రేపు నువ్వు మాట మారిస్తే నా దగ్గర ఏమీ ఉండదు."

"ఉండదండి."

'రేపు తప్పకుండా తెస్తాను టీచర్' అన్న ముఖాలు ముప్ఫై ఏళ్ళలో ఎన్నో చూసింది. ఎవడు తెస్తాడో ఎవడు తేడో ముఖం చూసి చెప్పగలననుకునేది. చాలాసార్లు తప్పేది. ఇన్ని రోజులూ తనతో అబద్ధమాడిన మనిషి ముందు నిలబడి ఉన్నాడు.

"చిత్రిక తియ్యి," అంది.

వడ్రంగి చెక్కను చిత్రిక పట్టినట్టే పలకను పట్టాలి. మురహరి దానికోసం ఒక పరికరం చేయించాడు. నాయుడు రెండు చేతులా పట్టుకుని తోశాడు. మంచు పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి నేల మీద పడింది. మొదటి తోపుల్లోనే ఎక్కడో 'సరే' పోయింది. ఆమె బూట్ల మీద పడ్డ పొట్టు నీళ్ళయి కారింది. నాయుడు ఆపి ఆమె ముఖం చూశాడు. మొదటిసారి సూటిగా చూశాడు. ఆమె కానిమ్మన్నట్టు తలూపింది. మూడంగుళాలు తీయడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. పలక పల్చబడేకొద్దీ పాలరంగు పోయి గాజులా అయింది. ఉన్న సమయంలో చివరి అరగంట మాత్రమే వస్తుంది. ఇంకొంచెం తీశాడు.

చెవులకు పెట్టుకునేది ఒక్కటే ఉంది. ఆమె ఒకవైపు తన చెవికి ఆనించి, రెండోవైపు అతనికి అందించింది. ఇద్దరూ బల్ల మీదికి వంగి తలలు దగ్గరగా పెట్టారు.

మొదట గాలి. తరవాత దబదబ చప్పుడు. చాలాసేపు అదే. కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడని ఆమెకు కాసేపటికి తెలిసింది. ఎక్కడో దూరంగా హిమానది విరిగి నీళ్ళలో పడింది. అప్పుడు గొంతు.

"నాయుడొస్తాడు. భోజనాల టైముకు చూస్తాడు. కుర్చీ చూస్తాడు."

నాయుడి వేళ్ళు బల్ల అంచును పట్టుకున్నాయి. అతను తల తీసేయలేదు.

"నిద్రపోకూడదు," అంది గొంతు, దవడలు కొట్టుకుంటూ. తరవాత ఎక్కాలు మొదలయ్యాయి. అప్పటికే పదకొండులో ఉన్నాడు. కాలు కొడుతూ, కాలికొక మెట్టు చొప్పున. పదకొండు అయింది. పన్నెండు. మధ్యలో ఆగడం, ఊపిరి, మళ్ళీ కాలు. ఆమె పెదవులు కదులుతున్న సంగతి ఆమెకు తెలియదు.

"పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు."

గుమ్మంలో గైడు వచ్చి వాచీ చూపించాడు. ఆమె చెయ్యెత్తి ఆగమంది. తరగతిలో అలా చెయ్యెత్తితే హెడ్మాస్టరు కూడా ఆగేవాడు. గైడు ఆగాడు.

"పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది."

ఆగాడు. కాలు ఆగింది. గాలి. తిరిగి ఒకటినుంచి ఎత్తుకున్నాడు. ఆర్ల దాకా వచ్చాడు. ఆగాడు. నవ్వినట్టు వినిపించింది. నిజంగా నవ్వాడో, చలికి గొంతు కోసుకుపోయిందో తెలియదు.

"అక్కా, ఎంతే?" అన్నాడు. ఆ ప్రశ్న వంటింటి గుమ్మంలో అడిగినట్టే ఉంది. "పదమూడు ఏడులు..."

తీగ ఇనప తట్టకు తగిలి కీచుమంది. పలక అయిపోయింది. తట్టలో చేరిన నీళ్ళను బయటికి పోసే గొట్టం దగ్గర చివరి బొట్లు పడుతున్నాయి.

"తొంభై ఒకటి," అంది దమయంతి.

నాయుడు యంత్రం కట్టేశాడు.

*

 తిరుగు పడవలో రంగనాయకులు గారు కడిగిన బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, వీళ్ళ ముఖాలు చూసి, మెల్లగా అడిగారు.

"మీ పనయిందా టీచరమ్మా?"

"సగమైందండి."

ఓడ ఎక్కి బోర్డు దగ్గరికి వచ్చారు. నాయుడు ఆమెకన్నా ముందున్నాడు. అతని చెయ్యి అలవాటుగా నలభై నాలుగో బిళ్ళవైపు లేచి, మధ్యలో ఆగి, కిందికి దిగింది. తన బిళ్ళ తిప్పుకుని పక్కకు జరిగాడు. దమయంతి తన బిళ్ళ తిప్పింది. వెనకాల వచ్చినవాళ్ళు తిప్పారు. సోల్వై పైనుంచి కిందిదాకా వేలితో చూసుకుంటూ వచ్చి, బోర్డంతా తెల్లబడిందని వాకీటాకీలో చెప్పింది. ముప్ఫై ఒకటో కొక్కెం మీదినుంచి ఆమె వేలు ఆగకుండా వెళ్ళిపోయింది. లంగరు గొలుసు లేస్తున్న చప్పుడు కాళ్ళకింద తెలిసింది.

నాయుడు అక్కడే నిలబడి ఉన్నాడు. వెళ్ళిపోతాడనుకుంది. ల్యాబులోకి దిగి, సామాన్లు కడుక్కుంటూ, రేపు మాట్లాడదామంటాడనుకుంది.

"తెల్లకాగితం ఉందాండి?" అన్నాడు.

ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసి మధ్యలో రెండు కాగితాలు చింపి ఇచ్చింది. పెన్ను కూడా ఇచ్చింది. కెప్టెన్ గది బయట ఒక బల్ల ఉంది. అతను దాని ముందు కూర్చున్నాడు.

"ఇంగ్లీషులో రాయాలాండి? నాకు అంత రాదు."

"తెలుగులో రాయి. ఇంగ్లీషు నేను చేస్తాను."

అతను తేదీ వేసి, కలం ఆపి, తలెత్తాడు. "సార్ సరే అన్నారని... అది రాయకుండా ఒగ్గీమంటారా? టేపులో కూడా లేదు కదండి. మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

దమయంతి తల తిప్పి బయటికి చూసింది. కిటికీలోంచి గుడిసె కనిపిస్తోంది. ఓడ తిరుగుతుంటే అది మెల్లగా పక్కకు జరుగుతోంది.

"అది కూడా రాయి," అంది. "వాడన్న మాట వాడిది."

ఎదురుకుర్చీ లాక్కుని కూర్చుంది. ఎర్రపెన్ను సంచిలోనే ఉంది, తీయలేదు. అతను నెమ్మదిగా, అక్షరం తరవాత అక్షరం కూడబలుక్కుంటూ రాస్తుంటే, పరీక్ష హాల్లో ఆఖరి పిల్లవాడు పేపరిచ్చేదాకా కూర్చున్నట్టు, ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది.